భద్రమైన అభ్యంగనానికి యువతను సిద్ధం చేస్తున్న కొత్త ఉపదేశకులకు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: 13 నుంచి 16 ఏళ్ళ మధ్య వయసున్న పన్నెండు మంది పిల్లలను భద్రమైన అభ్యంగనానికి, అంటే జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందినవారిని పవిత్రాత్మతో బలపరచే కతోలిక సంస్కారానికి, సిద్ధం చేసే బాధ్యతను విచారణ గురువులు (మీ గుడి ఫాదర్) మొదటిసారిగా మీకు అప్పగించారు, దాన్ని ఇచ్చే పీఠాధిపతుల (బిషప్పు) రాకకు ఇంకా ఎనిమిది నెలలు ఉంది, ప్రశ్నోత్తరాల పుస్తకాన్ని ఎంతవరకు కంఠస్థం చేయించాలో, చివర పరీక్ష పెట్టాలో వద్దో మీకు తేలడం లేదు, పైగా మొదటి తరగతిలోనే ఒక అబ్బాయి అందరి ముందూ "మా అమ్మ పంపింది కాబట్టి వచ్చాను, నాకు ఇదేమీ అక్కరలేదు" అన్నప్పటి నుంచి మీ మనసు స్థిమితంగా లేదు. నేను 22 సంవత్సరాలుగా ఈ పనిలోనే ఉన్నాను. మీ ప్రశ్నలన్నిటికీ సమాధానం ఒక్క మూల విషయం మీద ఆధారపడి ఉందని నా అనుభవం చెబుతోంది కనుక, ముందుగా దాన్నే వివరిస్తాను, ఆ అబ్బాయి సంగతికి తరువాత వస్తాను.

ఈ సంస్కారంలో ఎవరు ఎవరిని స్థిరపరుస్తున్నారు అన్నదే ఆ మూల విషయం. "చిన్నప్పుడు మీ తల్లిదండ్రులు మీ తరఫున జ్ఞానస్నాన ప్రమాణాలు చేశారు, ఇప్పుడు మీరు పెద్దవారై మీ విశ్వాసాన్ని మీరే ధ్రువపరచుకుంటున్నారు" అని చాలా తరగతుల్లో చెబుతారు. నేనూ మొదటి కొన్నేళ్ళు అలాగే చెప్పాను. అందులో కొంత నిజం లేకపోలేదు, ఎందుకంటే ఆ రోజు పిల్లలు తమ జ్ఞానస్నాన ప్రమాణాలను తమ నోటితో పునరుద్ఘాటిస్తారు. అయితే అది సంస్కారానికి ముందు జరిగే క్రియ మాత్రమే. సంస్కారంలో పని చేసేది దేవుడు. మన భాషలోని పేరే ఈ సంగతిని తేటగా చెబుతుంది. అభ్యంగనం అంటే తైలం పూయడం, దాన్ని ఎవరూ తమకు తాము పూసుకోరు, మరొకరి చేత పూయించుకుంటారు. భద్రం అంటే చెదరకుండా, చెడకుండా కట్టుదిట్టంగా ఉంచినది. జ్ఞానస్నానంలో మొదలైన జీవితాన్ని దేవుడు పవిత్రాత్మ చేత ముద్రించి భద్రపరుస్తాడు. కతోలిక శ్రీసభ (చర్చి) సత్యోపదేశ గ్రంథం 1302, 1303 సంఖ్యల్లో ఈ సంస్కార ఫలితాలను చెప్పేటప్పుడు ఎక్కడా "మనం ధ్రువపరుస్తాము" అనదు. మనం దేవుని బిడ్డలమన్న బంధం లోతుగా వేళ్ళూనుతుందని, క్రీస్తుతో ఐక్యత బలపడుతుందని, పవిత్రాత్మ వరాలు మనలో అధికమవుతాయని, శ్రీసభతో అనుబంధం మరింత పరిపూర్ణమవుతుందని, సిలువను గూర్చి సిగ్గుపడక సాక్ష్యమిచ్చే ప్రత్యేక బలం లభిస్తుందని చెబుతుంది. ఇవన్నీ పిల్లలు పుచ్చుకునేవి. వాళ్ళు సాధించి చూపేవి కావు.

ఇది మాటల మెలిక అని మీకు అనిపించవచ్చు, కాని దీని ప్రభావం పిల్లల మీద ఎంతో ఉంటుంది. "నీ విశ్వాసాన్ని నీవు ధ్రువపరచుకో" అన్నప్పుడు, నిజాయితీ ఉన్న పిల్లవాడు తనలోకి తొంగి చూసుకుని, అక్కడ సందేహాలు కనిపించి, "నాకు అంత విశ్వాసం లేదు, నేను వేషం వేస్తున్నాను" అని కుంగిపోతాడు. అంత ఆలోచించని పిల్లవాడు ఇదేదో పట్టా పుచ్చుకునే వేడుక అనుకుని, పట్టా చేతికి రాగానే గుడికి రావడం మానేస్తాడు. "నీవు బలహీనుడవు కాబట్టే దేవుడు నిన్ను బలపరచడానికి వస్తున్నాడు" అన్నప్పుడు ఆ ఇద్దరికీ చోటు దొరుకుతుంది.

వయసు గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు తప్పక అడుగుతారు. తొలి శతాబ్దాల్లో జ్ఞానస్నానం, అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం (పూజలో పుచ్చుకునే ప్రభువు శరీర రక్తాలు) ఒకే ఆరాధనలో కలిపి ఇచ్చేవారు. తూర్పు శ్రీసభల్లో నేటికీ పసిబిడ్డలకు సైతం అలాగే ఇస్తారు. పాశ్చాత్య శ్రీసభలో అభ్యంగనాన్ని పీఠాధిపతులకే ఉంచినందువల్ల, వారు వచ్చే దాకా అది ఆలస్యమవుతూ వేరుపడింది. 1910లో పదవ పయస్ పోపుగారు దాదాపు ఏడేళ్ళ వయసుకే మొదటి దివ్యసత్ప్రసాదం ఇవ్వాలని ఆదేశించాక, అనేక దేశాల్లో అభ్యంగనం దాని తరువాతి స్థానానికి జరిగింది. శ్రీసభ చట్టం 891వ నియమం నేటికీ వివేచన వచ్చే వయసునే సాధారణ వయసుగా పేర్కొని, పీఠాధిపతుల సమాఖ్య మరొక వయసును నిర్ణయించుకోవడానికి వీలు కల్పిస్తుంది. అందుచేత కౌమారంలో ఇవ్వడం అనేది పాలనాపరమైన, బోధనాపరమైన నిర్ణయమే తప్ప, "పెద్దవాళ్ళయ్యారన్న గుర్తింపు" అన్నది ఈ సంస్కారానికి అర్థం కాదు. శరీరం వయసును బట్టి ఆత్మ వయసును కొలవకూడదని 13వ శతాబ్దంలోనే పునీత తోమస్ అక్వినాస్ రాశారు. పవిత్రాత్మ బలంతో చిన్న పిల్లలు సైతం క్రీస్తు కోసం రక్తం చిందించే దాకా నిలబడ్డారని ఆయన గుర్తు చేశారు. సత్యోపదేశ గ్రంథం 1308వ సంఖ్యలో ఆ మాటలనే ఉదహరించింది.

ఇక పరీక్ష. నేను బాధ్యత తీసుకున్న తొలి సంవత్సరాల్లో నూరు ప్రశ్నలతో నోటి పరీక్ష పెట్టేదాన్ని. ఒక ఏడు ఒక అమ్మాయి నూటికి నూరు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పింది, నేను ఎంతో గర్వపడ్డాను. అదే బృందంలో మాట సరిగా రాని, అక్షరాలు కూడబలుక్కుని చదివే ఒక అబ్బాయి ఇరవై ప్రశ్నల దగ్గర ఆగిపోతే, వాడిని వచ్చే ఏడాదికి ఆపాలని నేనే విచారణ గురువులకు చెప్పాను. ఆయన నన్ను కూర్చోబెట్టి శ్రీసభ చట్టం 889, 843 నియమాలను చదివి వినిపించారు. వివేచన ఉన్నవారికి తగిన బోధ అందాలి, వారు సరైన మనస్థితితో ఉండాలి, జ్ఞానస్నాన ప్రమాణాలను పునరుద్ఘాటించగలగాలి. చట్టం కోరేది అంతే. తగిన సమయంలో, సరైన మనస్థితితో అడిగే వారికి, చట్టపరమైన అడ్డంకి ఏదీ లేనప్పుడు, సంస్కారాలను నిరాకరించే అధికారం ఎవరికీ లేదు. "తగిన బోధ" అంటే ఆ పిల్లవాడి శక్తికి తగినది అని ఆయన ఒత్తి చెప్పారు. ఆ అబ్బాయి ఆ ఏడే అభ్యంగనం పొందాడు. నూరు ప్రశ్నలకూ జవాబు చెప్పిన అమ్మాయి ఆ తరువాతి ఆదివారాల్లో దివ్యబలిపూజకు రావడం క్రమంగా తగ్గించి, చివరికి మానేసింది. ఆ అమ్మాయిని నేను నిందించను. ప్రార్థించడం ఎలాగో నేను ఆమెకు ఒక్కసారి కూడా నేర్పలేదు.

అయినంత మాత్రాన చదువు అక్కరలేదని నా ఉద్దేశం కాదు. విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు, ఏడు సంస్కారాలు, పరలోక జపం, మంగళవార్త జపం, జపమాల, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసే విధానం పిల్లలకు వచ్చి తీరాలి. నోటికి వచ్చిన ప్రార్థన కష్టకాలంలో తనంత తానే పెదవుల మీదికి వస్తుంది, కాబట్టి కంఠస్థం చేయించడాన్ని చులకన చేసేవారితో నేను ఏకీభవించను. అయితే చివరి పరీక్షకు బదులుగా ఒక్కొక్క పిల్లవాడితో అరగంట చొప్పున రెండు సార్లు మాట్లాడండి, ఒకటి మొదటి నెలలోనూ, మరొకటి చివరి నెలలోనూ. ఇతరులకు కనిపించే చోటనే, అయితే మాటలు వినిపించనంత దూరంలో కూర్చోండి. "విశ్వాస సంగ్రహంలో నీకు నమ్మడానికి కష్టంగా ఉన్న వాక్యం ఏది?" అని నేను అడుగుతాను. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు నూరు ప్రశ్నల కంటే ఎక్కువ తెలియజేస్తుంది, మిగిలిన నెలల్లో నేను ఏమి బోధించాలో కూడా అదే నిర్ణయిస్తుంది.

బోధన విషయంలో మీరు ఎక్కువ సమయం కేటాయించవలసినది పవిత్రాత్మ గురించి. తండ్రిని గురించి, యేసు ప్రభువును గురించి పిల్లలకు ఎంతో కొంత తెలుసు. పవిత్రాత్మ అనగానే పావురం బొమ్మ తప్ప మరేమీ తోచదు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎఫెసులోని శిష్యులు పౌలుతో "పవిత్రాత్మ ఉన్నాడనే సంగతే మేము వినలేదు" అంటారు. ఆ వాక్యంతోనే మొదలుపెట్టండి, పిల్లలు తమను తాము అందులో చూసుకుంటారు. దాని తరువాత 8వ అధ్యాయానికి రండి: సమరియ ప్రజలు అప్పటికే జ్ఞానస్నానం పొందారు, అయినా యెరూషలేము నుంచి పేతురు, యోహానులు ప్రత్యేకంగా బయలుదేరి వచ్చి, వారి కోసం ప్రార్థించి, వారి మీద చేతులు ఉంచారు, అప్పుడు వారు పవిత్రాత్మను పొందారు. పీఠాధిపతులు అంత దూరం నుంచి ఎందుకు వస్తారు అన్న ప్రశ్నకు ఇందులో జవాబు ఉంది. ఆయన అపొస్తలుల వారసుడు. ఆయన రాకతో ఒక చిన్న విచారణలోని పిల్లవాడు విశ్వవ్యాప్త శ్రీసభతో ముడిపడతాడు. రెండవ అధ్యాయంలోని పెంతెకోస్తును నేను చివరికి ఉంచుతాను. ఆ మేడగదిలో ఉన్నవారు అంతకు ముందు భయంతో తలుపులు వేసుకున్నవారని పిల్లలు ముందే గ్రహించి ఉంటే, అగ్ని నాలుకల తరువాత పేతురు జనసమూహం ముందు లేచి నిలబడడం ఎంత పెద్ద మార్పో వారికి తెలుస్తుంది.

తైలం గురించి ఒక తరగతి మొత్తం కేటాయించండి. నేను చేసే విధానం ఇది. ఒక పళ్ళెంలో మామూలు ఆలివ్ నూనె పోసి, ఇది ఆశీర్వదించిన తైలం కాదని, మనం చేస్తున్నది సంస్కారానికి అనుకరణ కాదని ముందే స్పష్టంగా చెప్పి, ఒక్కొక్కరినీ బొటనవేలు ముంచి పక్కవారి చేతి వెనుక భాగం మీద రాయమంటాను. నుదుటి జోలికి వెళ్ళనివ్వను. కాసేపటి తరువాత రుమాలుతో తుడవమంటాను. పైపైన ఉన్నది రుమాలుకు అంటుకుంటుంది, కాని చర్మం మీద మెరుపు మిగిలే ఉంటుంది. ఒక ఏడు పదమూడేళ్ళ అమ్మాయి తన చేతిని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "ఇది పోలేదండీ, లోపలికి ఇంకిపోయింది" అంది. ఆ రోజు నేను చెప్పదలచినదంతా ఆ అమ్మాయే చెప్పేసింది. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, గురుపట్టం ఆత్మ మీద చెరగని ముద్ర వేస్తాయని, అందుకే ఈ మూడింటినీ రెండోసారి ఇవ్వరని అప్పుడు వివరించాను. అదే తరగతి చివర విచారణ గురువులు గుడిలో భద్రపరచిన క్రిస్మ తైలపు పాత్రను తెచ్చి, మూత తీసి, ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి వాసన చూపించారు. అది ఆలివ్ నూనెలో బాల్సం అనే సుగంధ ద్రవ్యం కలిపినది. పవిత్ర వారంలో జరిగే ప్రత్యేక దివ్యబలిపూజలో పీఠాధిపతులు దాన్ని పవిత్రపరచి విచారణలన్నిటికీ పంపుతారు. క్రీస్తు అన్న మాటకు అభిషిక్తుడని అర్థం అనీ, క్రిస్మ అన్న మాటా అదే ధాతువు నుంచి వచ్చిందనీ, క్రైస్తవుడు అంటే అభిషిక్తునికి చెందినవాడనీ ఆ పరిమళం ముక్కుకు తగులుతుండగా చెబితే పిల్లలు మరచిపోరు.

పవిత్రాత్మ ఏడు వరాలను వరుసగా అప్పజెప్పించడం తేలిక: జ్ఞానం, వివేకం, ఆలోచన, బలం, తెలివి, భక్తి, దైవభయం. యెషయా గ్రంథం 11వ అధ్యాయం రెండవ వచనం వీటికి ఆధారం. హీబ్రూ మూలంలో ఆరు పేర్లే ఉండగా, ప్రాచీన గ్రీకు, లాటిన్ అనువాదాల్లో భక్తి చేరి ఏడయ్యాయి. ఏడింటికీ సమానంగా సమయం ఇవ్వనవసరం లేదని నా అభిప్రాయం. ఈ వయసు పిల్లలకు ఆలోచన అనే వరం దగ్గర ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే వారి జీవితమంతా ఇప్పుడు నిర్ణయాలతోనే నిండి ఉంది: ఎవరితో స్నేహం చేయాలి, ఫోన్‌లో తమకు వచ్చిన ఒకరి ఫోటోను మరొకరికి పంపాలా వద్దా, పరీక్షలో పక్కవాడు అడిగితే జవాబు చూపించాలా, స్నేహితురాలు తనను తాను గాయపరచుకుంటోందని తెలిసినప్పుడు ఎవరికైనా చెబితే అది ద్రోహమవుతుందా. ఈ చివరి ప్రశ్న ఊహించి రాసినది కాదు, నా తరగతిలో ఒక అమ్మాయి కాగితం మీద పేరు లేకుండా రాసి పెట్టెలో వేసింది. అలాంటిది మీకు ఎదురైతే పవిత్రాత్మ బోధను ఆ రోజుకు పక్కన పెట్టి, పెద్దలకు చెప్పడమే ప్రేమ అని తరగతి అందరికీ స్పష్టంగా చెప్పండి, విచారణ గురువులకు వెంటనే తెలియజేయండి. బలం అనే వరాన్ని దీనితో జోడించి బోధించండి: ఆలోచన దారి చూపుతుంది, ఆ దారిన నడవడానికి బలం కావాలి. మిగిలిన అయిదింటికీ రెండు తరగతులు చాలు. గలతీయులకు రాసిన లేఖ అయిదవ అధ్యాయంలోని ఆత్మ ఫలాలను మాత్రం విడిచిపెట్టకండి. వరం విత్తనమైతే ఫలం అది పండిన గుర్తు, తమలో ఏది పెరుగుతోందో పిల్లలు తమంత తాము గమనించుకోగలిగేది అక్కడే.

ప్రార్థన నేర్పడం అన్నిటికంటే కష్టమైన భాగం, నేను నిర్లక్ష్యం చేసినదీ అదే. ఇప్పుడు ప్రతి తరగతినీ మౌనంతో మొదలుపెడుతున్నాను. మొదటి వారం ఒక్క నిమిషం, నెల గడిచేసరికి మూడు నిమిషాలు, చివరికి పది నిమిషాలు, వీలైతే దివ్యసత్ప్రసాదం ముందే. మొదట్లో నవ్వులు, కుర్చీల చప్పుళ్ళు వినిపిస్తాయి, కంగారు పడకండి. "పవిత్రాత్మమా, వేంచేయండి" అన్న ఒక్క మాటను ఊపిరితో పాటు మెల్లగా మనసులో అనుకోమని చెప్పండి. ఒక వాక్యభాగాన్ని రెండు సార్లు నెమ్మదిగా చదివి, ఏ మాట మనసుకు తగిలిందో ఆ మాట దగ్గర ఆగమనండి. తమకు తగిలిన మాటను చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయకండి. సంస్కారానికి ముందు తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు చేయించండి. ప్రభువు ఆరోహణమైన తరువాత మరియ తల్లితో కలిసి శిష్యులు మేడగదిలో ఎడతెగక ప్రార్థించిన రోజుల ఆదర్శంగానే ఈ తొమ్మిది రోజుల ఆచారం నిలిచింది. కుటుంబమంతా ఇంట్లో కలిసి చేయగలిగితే, పిల్లవాడు ఒక్కడే సిద్ధపడడం లేదన్న ధైర్యం అతనికి కలుగుతుంది.

ఇప్పుడు "నాకు అక్కరలేదు" అన్న ఆ అబ్బాయి. మొదటగా, అతడు నిజం చెప్పాడు, అందుకు అతనికి కృతజ్ఞతలు చెప్పండి. అందరి ముందూ అన్నాడు కాబట్టి, కృతజ్ఞత కూడా అందరి ముందే చెప్పడం మంచిది. తరువాత ఒంటరిగా మాట్లాడినప్పుడు మూడు రకాల "అక్కరలేదు"లను వేరు చేసి చూడండి. కొందరికి నిజంగా సందేహాలు ఉంటాయి: దేవుడు ఉంటే మా తాతయ్య అంత బాధపడి ఎందుకు చనిపోయాడు అన్నటువంటివి. కొందరికి దేవుని మీద కాదు, ఇంట్లో ఒకరి మీదో, గుడిలో ఎవరి మీదో కోపం ఉంటుంది. మరికొందరికి ఇది కేవలం తమ ఇష్టాయిష్టాలను ఎవరూ అడగలేదన్న ఉక్రోషం. మొదటివారికి ఓపికగా జవాబు చెప్పాలి, జవాబు తెలియనప్పుడు కలిసి వెతకాలి. సందేహం ఉన్నంత మాత్రాన సరైన మనస్థితి లేనట్టు కాదని, "నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సహాయపడండి" అని సువార్తలో ఒక తండ్రి ప్రభువుతో మొరపెట్టుకున్నాడని చెప్పండి. రెండవవారి మాట వినండి. వినే క్రమంలో ఎవరైనా వారికి హాని చేశారన్న సంగతి బయటపడితే, దాన్ని మీలోనే దాచుకోకుండా బాలల రక్షణకు బాధ్యులైన వారికి తెలియజేయడం మీ విధి. మూడవవారికి మీరు ఇవ్వవలసినది స్వేచ్ఛ.

ఆ స్వేచ్ఛ నిజమైనదై ఉండాలి. "ఇప్పుడు తీసుకోకపోయినా నిన్ను ఎవరూ తక్కువగా చూడరు, నీవు ఎప్పుడు అడిగినా తలుపు తెరిచే ఉంటుంది" అని చెప్పండి, అదే మాటను అతని తల్లికీ చెప్పండి. ఇది తేలికైన సంభాషణ కాదు. చుట్టాలందరికీ చెప్పుకున్నామని, వివాహ సమయంలో అడ్డంకి అవుతుందని తల్లిదండ్రులు ఆందోళన పడతారు. వివాహానికి ముందు, పెద్ద ఇబ్బంది లేకపోతే, అభ్యంగనం పొంది ఉండాలని శ్రీసభ చట్టం 1065వ నియమం చెబుతుంది. పెద్దయ్యాక పొందడానికి ఏ అడ్డూ లేదని చెప్పి వారిని శాంతపరచండి. ఇన్నేళ్ళలో నా దగ్గర ముగ్గురు పిల్లలు వాయిదా అడిగారు. ఒక అమ్మాయి రెండేళ్ళకు తనంత తాను వచ్చి పేరు రాయించుకుంది, ఇప్పుడు చిన్న పిల్లలకు నాతో పాటు బోధిస్తోంది. ఒక అబ్బాయి తరగతులకు మాత్రం వస్తూనే ఉండి, చివరి నెలలో మనసు మార్చుకుని అందరితో పాటే పొందాడు. మూడవ అబ్బాయి తిరిగి రాలేదు. అతని కోసం నేను ఈ రోజుకీ ప్రార్థిస్తున్నాను. అయినా ఆ రోజు అతన్ని బలవంతంగా పీఠాధిపతుల ముందుకు నడిపించి ఉంటే బాగుండేదని మాత్రం నాకు ఎన్నడూ అనిపించలేదు.

పాపసంకీర్తనం గురించి. అభ్యంగనాన్ని వరప్రసాద స్థితిలో, అంటే ఘోర పాపమేదీ లేని స్థితిలో, పొందాలి కాబట్టి దానికి ముందు పాపసంకీర్తనం చేయించడం సముచితం. మొదటి దివ్యసత్ప్రసాదం తరువాత ఒక్కసారైనా పాపసంకీర్తనానికి వెళ్ళని పిల్లలు మీ బృందంలో కొందరు ఉంటారని ముందే అనుకోండి. వారికి విధానం గుర్తుండదు, ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. విధానాన్ని ఒక చిన్న కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి, చేతిలో పట్టుకుని వెళ్ళవచ్చని చెప్పండి. తమ విచారణ గురువులకు చెప్పుకోవడానికి ఇబ్బందిపడే వారి కోసం వేరే గురువులను కూడా పిలిపించమని విచారణ గురువులను అడగండి. చివరి రోజు హడావిడిలో కాకుండా, ఒక వారం ముందు ధ్యానదినం ఏర్పాటు చేసి, ఆ రోజు మధ్యాహ్నం తీరికగా జరిపించండి.

సంస్కారంలో పిల్లవాడికి తోడుగా నిలిచే జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి ఎంపికలో శ్రీసభ చట్టం స్పష్టంగా ఉంది. సాధారణంగా పదహారేళ్ళు నిండినవారై, తాము అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం పొందినవారై, విశ్వాసానికి తగినట్టు జీవిస్తున్న కతోలికులై ఉండాలి. కన్న తల్లిదండ్రులు ఉండకూడదు. జ్ఞానస్నానం నాటి వారే ఈ బాధ్యతను కూడా తీసుకోవడం మంచిదని 893వ నియమం సూచిస్తుంది, ఆ సంగతి చాలామందికి తెలియదు. స్తోమతను, హోదాను చూసి ఎంచుకోవడాన్ని మృదువుగా వారించండి. పిల్లలను నేను ఒక్కటే అడుగుతాను: "నీవు పెద్ద తప్పు చేస్తే, అమ్మానాన్నలకు చెప్పడానికి భయపడితే, ఎవరి దగ్గరికి వెళతావు? వారు ప్రార్థించే మనుషులేనా?" ఎంచుకున్నాక, కనీసం రెండు తరగతులకు వారిని రప్పించి పిల్లల పక్కన కూర్చోబెట్టండి. దూరాన ఉన్నవారు వారానికి ఒకసారి ఫోన్‌లో కలిసి ప్రార్థించవచ్చు.

సేవా కార్యక్రమాలను గంటల లెక్కన కొలిచి పట్టిక నింపించే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. నాకు అది నచ్చదు. దానివల్ల పిల్లలు వరాన్ని కూలికి కొనుక్కుంటున్నట్టు భావిస్తారు. ఒక్క పనిని, ఒక్క మనిషి కోసం, చాలా వారాల పాటు చేయనివ్వండి. కంటిచూపు తగ్గిన ఒక వృద్ధురాలికి ప్రతి శనివారం సువార్త చదివి వినిపించిన అబ్బాయి, సంస్కారం తరువాత కూడా వెళుతూనే ఉన్నాడు. ఎందుకు వెళుతున్నావని అడిగితే "ఆవిడ ఎదురు చూస్తుంటారు కదా" అన్నాడు.

పునీతుని పేరు ఎంచుకోవడం ఆచారమే తప్ప తప్పనిసరి కాదు. జ్ఞానస్నానపు పేరునే ఉంచుకోవడం రెండు సంస్కారాల సంబంధాన్ని చక్కగా చూపుతుంది. కొత్త పేరు కోరేవారు ఆ పునీతుని జీవితం చదివి, ఎందుకు ఎంచుకున్నారో ఒక పేజీ రాయాలి. పదిహేనేళ్ళకే లుకేమియాతో 2006లో మరణించి, 2025 సెప్టెంబరు 7న పునీతునిగా ప్రకటింపబడిన కార్లో అకూతిస్ జీవితం ఈ వయసు వారికి చాలా దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే అతడు తన కంప్యూటర్ నైపుణ్యాన్ని దివ్యసత్ప్రసాద అద్భుతాలను తెలియజేయడానికి వినియోగించాడు. జ్ఞానస్నాన ధ్రువపత్రాలను మొదటి నెలలోనే సేకరించండి, చివరి వారంలో దొరకని పత్రాల కోసం పరుగులు పెట్టవద్దు. అభ్యంగనం జరిగిన విచారణ నుంచి జ్ఞానస్నానం జరిగిన విచారణకు సమాచారం వెళ్ళిందో లేదో కూడా చూసుకోండి.

ఆరాధన క్రమాన్ని ఒకసారి నెమ్మదిగా సాధన చేయించండి, అయితే ఎక్కడ నిలబడాలి అన్నదానితో ఆపకుండా ప్రతి క్రియకూ అర్థం చెప్పండి. ప్రసంగం తరువాత ప్రమాణాల పునరుద్ఘాటన జరుగుతుంది. పీఠాధిపతులు అందరి మీదుగా చేతులు చాపి ఏడు వరాల కోసం ప్రార్థిస్తారు. ఒక్కొక్కరూ ముందుకు వచ్చినప్పుడు జ్ఞానతల్లి గాని, జ్ఞానతండ్రి గాని కుడిచేతిని పిల్లవాడి భుజం మీద ఉంచుతారు. పీఠాధిపతులు క్రిస్మ తైలంతో నుదుటి మీద సిలువ గుర్తు వేస్తూ, పవిత్రాత్మ వరమనే ముద్రను స్వీకరించమని పేరు పెట్టి పిలిచి చెబుతారు. ఈ మాటలు తూర్పు శ్రీసభల ప్రాచీన ఆరాధన నుంచి వచ్చినవి. ఆరవ పౌలు పోపుగారు 1971లో వాటిని పాశ్చాత్య క్రమంలోకి తీసుకున్నారు. "ఆమెన్" అని వినిపించేలా చెప్పడం నేర్పండి. పీఠాధిపతులు చెంప మీద కొడతారని తాతలు చెప్పిన మాట విని కొందరు భయపడతారు. చెంప మీద మెల్లగా తట్టే ఆ పాత ఆచారం 1971 క్రమంలో లేదని, దాని స్థానంలో ఆయన సమాధాన వచనం పలుకుతారని చెప్పండి.

చివరిగా, మీ పథకంలో సంస్కారం జరిగే రోజును చివరి తేదీగా రాసుకోకండి. యువత ఆ రోజుతో గుడికి వీడ్కోలు పలుకుతున్నందున దీన్ని "వీడ్కోలు సంస్కారం" అంటున్నారని పోప్ ఫ్రాన్సిస్ పలుమార్లు బాధపడ్డారు. నాలుగవ శతాబ్దంలో యెరూషలేములో సంస్కారాలు పొందిన వారికి, పొందిన తరువాతే వాటి లోతైన అర్థాన్ని బోధించేవారు. పునీత సిరిల్ పేరున నిలిచిన ఉపన్యాసాలు ఆ పద్ధతికి సాక్ష్యం. అదే పద్ధతిలో, తరువాతి నాలుగు ఆదివారాల తరగతుల తేదీలను ముందే పిల్లలకు, తల్లిదండ్రులకు కాగితం మీద రాసి ఇవ్వండి. మొదటి తరగతిలో ఒక్క ప్రశ్నే వేయండి: ఆ రోజు ఏమి చూశారు, ఏమి విన్నారు, నుదుటి మీద తైలం తగిలినప్పుడు ఏమి అనిపించింది. ఒక్కొక్కరికీ విచారణలో ఒక పనిని, వారి ఇష్టాన్ని అడిగి, ఆ నెలలోనే అప్పగించండి: పఠనం, గానబృందం, రోగులకు దివ్యసత్ప్రసాదం తీసుకెళ్ళే వారికి తోడు వెళ్ళడం, చిన్న పిల్లల తరగతిలో సహాయం. మీ బృందంలోని ఆ అబ్బాయి అభ్యంగనం పొందినా, వాయిదా వేసుకున్నా, ఆ కాగితం మీద అతని పేరు కూడా ఉండాలి, ఆ నాలుగు ఆదివారాల్లో అతని కుర్చీ అక్కడే ఉండాలి.